అమ్మమ్మ బిస్కెట్ల డబ్బా

ఆ రోజు ఇంట్లో ఉన్నది అమ్మమ్మ, లమ్‌దువన్ పిన్ని, ఆమె తొమ్మిది నెలల కొడుకు కుంగ్, పక్కింటి సీథన్ తాత, ఆయన చంకలో పందెం కోడి, నేను. అమ్మమ్మ ఆసుపత్రి నుంచి వచ్చి రెండు రోజులైంది. బెదిరిపోయిన ప్రాణం తిరిగి ఒంట్లో కుదురుకోవాలని ఊరివాళ్ళు కట్టిన తెల్ల దారాలు ఆమె ముంజేతుల నిండా ఉన్నాయి.

జిల్లా ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులు ఆమె మంచం పక్కన చాప వేసుకుని పడుకున్నది నేనే. మూత్రంలో చేరిన క్రిమి మందులకు లొంగలేదు. డాక్టరమ్మ ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. గాజు పళ్ళెం నిండా క్రిములు, వాటి మీద తొమ్మిది మందు చుక్కలు. ఒక్క చుక్క చుట్టూ మాత్రమే క్రిములు చచ్చి ఖాళీ అయింది.

"మిగతా ఎనిమిదింటికీ ఇవి రాటుదేలిపోయాయి. ఇంట్లో మందులు దాచుకుని వాడతారా?" అని అడిగింది. నేను నేల చూపులు చూశాను.

మా ఇంట్లో ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. దాని నిండా మిగిలిపోయిన ఎరుపు, నలుపు యాంటీబయాటిక్ క్యాప్సూళ్ళే. గొంతు నొప్పికి ఒకటి. కాలు తెగితే విప్పి పొడి చల్లడం. సీథన్ తాత కోడికి గాయమైతే సగం.

ఆ రోజు కుంగ్‌కి ముక్కు కారుతోంది.

"డబ్బా తేవే. సగం పాలల్లో కలుపుదాం" అంది అమ్మమ్మ.

"మిగతా సగం నా కోడికి" అన్నాడు సీథన్ తాత.

పిన్ని చెంచా తెచ్చింది. నేను డబ్బా తీసి వీపు వెనక్కి పెట్టుకున్నాను.

"ఇవ్వను."

"అమ్మో! దీనికి నోట్లో నాలుక ఉందే!" అంది పిన్ని.

ఆ పళ్ళెం గురించి చెప్పాను. "జలుబుకి ఇది పనిచేయదు అమ్మమ్మా. క్రిములే రాటుదేలతాయి. రేపు వీడికి నిజంగా జబ్బు చేస్తే ఏ మందూ పట్టదు."

అమ్మమ్మ చేతి దారాల వంక చూసుకుంది. "నాకు అన్నన్ని సూదులు పొడిచింది దీనివల్లేనా?"

"అయ్యుండొచ్చట."

"మరి ఆవిడ అడిగినప్పుడే చెప్పలేదేం?"

"నిన్ను తిడుతుందని."

అమ్మమ్మ దగ్గొచ్చేదాకా నవ్వింది. "సీథన్, నీ కోడి ఇక ఒట్టి ఒంటితో పందేనికి పోవాల్సిందే."

"ఓడిందంటే నీ మనవరాలి పేరే చెప్తా!"

మిగిలిన దారాల్లోంచి ఒకటి తీసింది అమ్మమ్మ. "చెయ్యి చాపు. ఇన్నాళ్ళూ ఎటు పోయిందో, నీ గొంతు ఇవాళ ఇంటికొచ్చింది."

"ముందు నీ చేతులు సబ్బుతో కడుక్కో" అన్నాను.

పిన్ని పకపకా నవ్వింది. అమ్మమ్మ గొణుక్కుంటూనే వెళ్ళి కడుక్కొచ్చి నా మణికట్టుకు దారం కట్టింది. తర్వాత భుజం పట్టి వాకిట్లోకి నెట్టింది.

"ఆరోగ్య కేంద్రంలో ఇచ్చేసి రా. నా మనసు మారకముందే పో."

నేను డబ్బా పట్టుకుని చెప్పులు వెతుక్కునేలోపే తలుపు వేసేసింది.