వదులైన మొలతాడు

నేను ఒక మొలతాడును. నవ్వితే నవ్వండి! మీ నడుం సంగతి మీ అద్దానికంటే నాకే బాగా తెలుసు.

ద్రాక్షారామం తీర్థంలో నల్లదారాలు పేని, చిన్న వెండి తాయెత్తు గుచ్చి నన్ను అమ్మారు. కొన్నది వరాలు. కట్టుకున్నది ఆమె మొగుడు నూకరాజు. కాకినాడ బజారులో కాజాల కొట్టు ఆయనది. మనిషి మంచివాడే, నోరే కుదురుగా ఉండదు. పాకం ముదిరిందా లేదా అని వేలితో నాకడం, వాయి దిగగానే ఓ కాజా నోట్లో వేసుకోవడం. షుగరు ఉందని తేలాక కూడా మానలేదు. "రుచి చూడ్డం తినడం కిందకి రాదెహె!" అనేవాడు. పొట్ట పెరిగినప్పుడల్లా వరాలు నా ముడి విప్పి వదులు చేసేది. ఎప్పుడు పుటుక్కుమంటానో అని నేను హడలి చచ్చేదాన్ని.

ఈ ఏడు ఉన్నట్టుండి నేనే వదులయ్యాను. పోనీ తిండి తగ్గించాడా? లేదు. నడిచాడా? అదీ లేదు. బజారంతా "నాజూగ్గా అయ్యావయ్యా!" అని మెచ్చుకుంటుంటే, "అంతా కాకరకాయ రసం మహిమ" అని మురిసిపోయాడు. నేను జారిపోతుంటే ముడి మీద ముడి వేసి బిగించాడు. ఆ ముళ్లు నెయ్యికీ చెమటకీ మొండికెత్తాయి. నాకు గుండెల్లో రాయి పడింది. నోరుంటే అరిచేదాన్ని కదా!

ఓ ఆదివారం తలంటు పోస్తూ వరాలు నా కింద చెయ్యి పెట్టింది. నాకూ ఆయన నడుముకీ మధ్య ఆమె పిడికిలి పట్టేసింది. మర్నాడే ఆయన్ని ఆసుపత్రికి లాక్కెళ్లింది.

"ఏళ్ల తరబడి పొట్ట చుట్టూ కొవ్వూ, షుగరూ ఉంటే కొన్ని రకాల క్యాన్సర్ల ముప్పు పెరుగుతుందమ్మా. అందరికీ వస్తుందని కాదు. కానీ తిండి మారకుండా మనిషి చిక్కిపోతే వెతకాల్సిందే. కడుపు స్కాన్ తీద్దాం" అంది డాక్టరమ్మ.

స్కాన్ గది దగ్గర తాయెత్తు తీసెయ్యమన్నారు. ముడి ఊడలేదు. నర్సు కత్తెర తెచ్చేసరికి నూకరాజు నన్ను రెండు చేతులా పట్టుకున్నాడు.

"పెళ్లాం పోయినోడికి కదండీ మొలతాడు తెంపేది! మా ఆవిడ ఎదురుగా ఉండగానే తెంపుతారా? నాకీ స్కానూ వద్దు, ఏమీ వద్దు. పదవే ఇంటికి!"

నిజానికి నేను పొంగిపోవాలి. భయమేసింది. ఇప్పుడు వెనక్కి పోతే, లోపల ఏముందో ఎవరికీ తెలియకుండానే ఆయన కరిగిపోతాడు. తెంపండర్రా నన్ను, అని ఎంత గింజుకున్నానో!

వరాలు కత్తెర అందుకుంది. "నేను పోతే మీ మొలతాడు తెంపుతారు. మీరు పోతే నా మెళ్లోది తెంపుతారు. ఏది తెంపమంటారో మీరే చెప్పండి" అంది.

ఆయన చేతులు తీసేశాడు. నేను తెగాను.

చాలాసేపటి నుంచి ఆమె పిడికిట్లో నలుగుతున్నాను. ఆయన ఇంకా లోపలే ఉన్నాడు. తలుపు తెరిచి నర్సు కేకేసింది: "నూకరాజు తాలూకు ఎవరండీ? డాక్టరుగారు రమ్మంటున్నారు."

వరాలు నన్ను వదలకుండానే లేచింది. ఆయన తాలూకు మేమిద్దరమే మరి.