ఖో ఇచ్చినవాళ్ళు

పొద్దున నేను చీరకు గంజి పెడుతుంటే మా అత్త మంజులమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నన్ను ఎగాదిగా చూసి, "ఇప్పుడు చూడు, ఆడమనిషి మాదిరి ఉండావు," అంది. ఇన్నేళ్ళూ ఏ మాదిరి ఉన్నానో అడగలేదు. అడిగితే చెబుతుందని భయం. ట్రాక్ ప్యాంటుకు ఈ గంజి బాధ లేదు, ఉతికి దులిపితే చాలు.

హోసూరులో ఒక ప్రైవేటు ఆడపిల్లల హైస్కూల్లో పి.టి. టీచరుగా చేరినప్పటి నుంచీ తెల్లారకముందే లేచి ఇంటిల్లిపాదికీ సంగటి కెలకడం, క్యారియర్లు కట్టడం, మెళ్ళో ఈల వేసుకుని బస్సుకు పరుగెత్తడం. ఖోఖోలో మా జట్టంటే బర్గూరు, కృష్ణగిరి స్కూళ్ళవాళ్ళు జంకేవాళ్ళు. ఇంట్లో మాత్రం అదొక ఉద్యోగమని ఎవరూ అనుకోలేదు. "పిల్లకాయల్తో ఆడుకోని వచ్చేదానికి అలుపేంది?" అంటూ మా ఆయన సురేష్ తాగిన కాఫీ గ్లాసు నా ముందుకు జరిపేవాడు.

ఈ జూన్‌లో నన్ను హెడ్మిస్ట్రెస్‌ని చేశారు. స్వీట్లు పంచాను. మరి లోపల ఈ గుబులేమిటో నాకే అంతుపట్టలేదు. సంతోషపడాల్సింది పోయి ఏదో పారేసుకున్నట్టు వెతుక్కుంటున్నాను. మొదటి స్టాఫ్ మీటింగులో టీ తెచ్చిన ఆయా వెనకనుంచి వీపు తట్టింది. నేను చటుక్కున లేచి పరుగందుకున్నాను. ఖోఖోలో వరసలో కూర్చున్నదాని వీపు తట్టి ఖో అంటే లేచి తరమాలి కదా, ఒళ్ళు అది మరిచిపోలేదు. టీచర్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ సిగ్గుతో చచ్చిపోయాను.

నిన్న మా స్కూలు యజమాని శ్రీరంగయ్య గారు వచ్చి, పదో తరగతి ఆట పీరియడ్లు లెక్కల సారుకి ఇచ్చేయమన్నారు. కొత్త పి.టి. టీచరు కూడా అక్కర్లేదట. వచ్చే నెల జిల్లా పోటీలు, జట్టులో సగం మంది పదో తరగతి పిల్లలేనని చెప్పాను. ఆయన మెత్తగా నవ్వారు.

"ఇంకా గ్రౌండు ధ్యాసేనామ్మా? మీ ఆయనే కదా వచ్చి అడిగింది, ఎట్లన్నా దాన్ని గ్రౌండు నుంచి తప్పించండి సారూ అని."

సాయంత్రం సురేష్‌ని అడిగాను. దాచలేదు.

"నీ మంచికే చెప్పినాను. యాడికి పోయినా నన్ను ఈల టీచరమ్మ మొగుడంటారు. ఇప్పుడు హెచ్చెమ్ మొగుడంటారు. నీకేం తక్కువైంది?"

నాకొచ్చింది కోపమో ఏడుపో తెలియలేదు. నా పనితనం చూసి ఈ కుర్చీ ఇచ్చారని మురిసిపోయానే, ఆ మురిపెం తలుచుకుంటే ఒళ్ళు మండింది. కుర్చీ వదిలేసి మళ్ళీ గ్రౌండుకు పోదామా? పోతే, తర్వాత వచ్చేవాళ్ళు ఆట పీరియడ్లు ఎగరగొడతారు. ఉంటే నేనే ఎగరగొట్టాలి. గంజినీళ్ళలో చేతులు పెట్టుకుని ఈ పొద్దున్నంతా ఇదే ఆలోచన.

స్కూలుకు పోయేసరికి జట్టు కెప్టెన్ రక్షిత నా గది ముందు నిలబడి ఉంది.

"మిస్, మేము ఇంక ఆడేది లేదంట, నిజమా?"

ఈ పిల్లకు నేనే నేర్పాను. ఖో ఎవరిచ్చారని వెనక్కి తిరిగి చూడకూడదు, ఎడమకు పరుగెత్తాలో కుడికో లేచిన పిల్లే తేల్చుకోవాలి అని. నేర్పిన నేను నిన్నటి నుంచీ వెనక్కే చూస్తున్నాను.

టైమ్‌టేబుల్ తెప్పించాను. పదో తరగతి ఆట పీరియడ్లు ఉన్నచోటే ఉంచి, టీచరు పేరు దగ్గర నా పేరు రాశాను. హెడ్మిస్ట్రెస్‌గా కింద సంతకం పెట్టాను. ఇది తెగింపో తిక్కో నాకింకా తెలియదు, శ్రీరంగయ్య గారు ఏమంటారో కూడా తెలియదు. బీరువాలోంచి ఈల తీసి, గంజి చీర మీదే మెళ్ళో వేసుకుని, రక్షిత వెంట గ్రౌండులోకి నడిచాను.

సురేష్‌ని ఇకమీదట ఎవరి మొగుడనాలో ఊరే తేల్చుకుంటుంది.