నిండని ట్యాంకు

వరదలక్ష్మికి పక్కింటి మంగ బావిని చూస్తేనే ఒళ్లుమంట. ఇంకా డ్రైనేజీ రాని ఆ శివారు కాలనీలో తన బోరు నీళ్లు ఒట్టి ఉప్పు. గోడకవతల మంగ బావిలో మాత్రం తియ్యటి నీళ్లు. అది చాలదన్నట్టు ఆరేళ్ల మనవరాలు ధన్య బడినుంచి రాగానే సంచీ విసిరేసి, "మంగత్తా, నీళ్లు!" అంటూ ఆ ఇంటికే పరుగు. క్యాను నీళ్లు కొని, కుండలో పోసి, యాలకులు వేసిపెట్టినా ముట్టదు. పొద్దంతా కనిపెట్టుకుని చూసేది తను, బిడ్డ మాత్రం పక్కింటి చెంబుకు అమ్ముడుపోయింది!

ఆమెకు మిగిలిన గొప్ప ఒక్కటే. మంగ ఇంటికి రెండేళ్లకోసారి సెప్టిక్ ట్యాంకు తోడే లారీ వస్తుంది. అప్పుడు ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని వీధిలోకొచ్చి, "మాది కట్టి పన్నెండేండ్లాయ, ఒక్కసారి నిండింది లేదు" అనేది. నిండకుండా ఉండాలని అడుగున సిమెంటు వేయొద్దని మేస్త్రీకి చెప్పింది తనే. ఆ తెలివికి లోలోపల మురిసిపోయేది.

ఆ వేసవిలో ధన్యకు కామెర్లు వచ్చాయి. డాక్టరు తాగే నీళ్ల గురించి అడిగాడు. వరదలక్ష్మి వెంటనే మంగ బావి నీళ్లు సీసాలో పట్టి పరీక్షకు పంపింది. అందులో మలంలోని క్రిములున్నాయని కాగితం వచ్చింది. బిడ్డ పచ్చగా పడి ఉన్నా, ఆ కాగితం చూడగానే ఆమెకు ఎక్కడలేని సంతోషం. ఇంటింటికీ తిరిగి చూపించింది.

మంగ ఏడుస్తూ బావి మూయించింది. లారీ కుప్పుసామిని పిలిపించి తన ట్యాంకు తెరిపించింది. ఎక్కడా పగులు లేదు. మంగ లోపలికి పోగానే కుప్పుసామి గోడమీదుగా వరదలక్ష్మి వైపు తొంగిచూశాడు.

"మీది ఎప్పుడు తోడినారమ్మా?"

"మాకా అవసరమే రాలేదప్పా."

"నిండని ట్యాంకు ఏడుంటాదమ్మా? అంతా నేల్లోకి పోతావుంది. బావి ఈడ్నే కదా, పదడుగులు."

వరదలక్ష్మి గబగబా లోపలికి పోయి తలుపు వేసుకుంది.

సాయంత్రం మంగ వచ్చి ధన్య మంచం పక్కన కూలబడింది. "నా చేత్తోనే పాపకు విషం పోసినా అక్కా. మా ట్యాంకే ఏడో కారతా ఉండాది. రేపే పగలగొట్టిస్తా." ధన్య ఆమె చేయి పట్టుకుంది.

వరదలక్ష్మి ఊరుకుంటే చాలు. మనవరాలు ఇక ఆ గడప తొక్కదు. ఎంత హాయి! కానీ మంగ ఏడుపు ఆగలేదు.

"పగలగొట్టొద్దు" అంది చివరికి. "మీది కాదు, మాది. అడుగున సిమెంటు వేయొద్దన్నది నేనే."

మంగ పాప వేళ్లు మెల్లిగా విడిపించుకుని లేచింది.

"పోవద్దత్తా!" ధన్య వెక్కి వెక్కి ఏడ్చింది.

చేసిందంతా తనేనని తెలిసినా, ఆ ఏడుపు తనకోసం కాదని వరదలక్ష్మికి అప్పుడు కూడా కడుపు మండింది.