పది సెకన్ల మావయ్యగారు

మా అత్తగారి తల్లికి ఒక లాకెట్ ఉండేది. అందులో ఆవిడ భర్త ఫొటో. పోయిన మనిషిని ఇరవయ్యేళ్లు బొటనవేలితో నిమిరి నిమిరి, చివరికి ఆ ఫొటోలో మీసం తప్ప ఏమీ మిగల్లేదు. ఆ మీసం ఇప్పటికీ అత్తగారి బీరువాలో భద్రంగా ఉంది. అందుకే మావయ్యగారు పోయిన ఎనిమిది నెలలకు, ఆయన గుర్తుగా మెళ్లో ఏదైనా వేసుకోవాలని అత్తగారికి అనిపించినప్పుడు, ఫొటో మాత్రం వద్దని ముందే చెప్పేశారు. అరిగిపోనిది కావాలన్నారు.

అలాంటిది బజారులోకి వచ్చిందని నేనే చెప్పాను, నోరు ఊరుకోక. మనిషి గొంతు రికార్డు చేసింది ఇస్తే, ఆ శబ్దం కంప్యూటరు తెర మీద ఎగుడుదిగుడుగా ఎలా కనిపిస్తుందో అలాగే బంగారు బిళ్ల మీద చెక్కి ఇస్తారు. ఒక్కో బిళ్ల మీద పది సెకన్ల శబ్దం పడుతుంది. వినడానికేం ఉండదు, చూసుకోవడమే. అత్తగారు కాసేపు ఆలోచించి, అయితే ఆయన నన్ను "ఇదిగో" అని పిలిచింది చెక్కించు అన్నారు.

నలభై రెండేళ్ల కాపురంలో మావయ్యగారు ఆవిడను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. "ఇదిగో" అంటే మంచినీళ్లు, "ఇదిగో" అంటే కళ్లజోడు, కాస్త సాగదీస్తే కోపం.

వెతకడం నా వంతయింది. మావయ్యగారి ఫోనులో ఆయన పంపిన వాయిస్ మెసేజీలు పదకొండు దొరికాయి. ఏడు మా ఆయనకు, మోటారు కట్టేశావా అని. మూడు కేబుల్ అతనికి, ఇంట్లో ఆడవాళ్లు వినదగ్గవి కావు. మిగిలిన ఒక్కటి ముందు గదిలోంచి వంటింట్లో ఉన్న నాకు. చివర్లో ఫోను కట్టెయ్యడం మరిచిపోయి, నిజంగానే అత్తగారిని "ఇదిగో" అని పిలిచారు. సరిగ్గా ఆ క్షణానే నా కుక్కర్ కూత పెట్టింది. బిళ్లలు చెక్కే అతను విని, ఇందులో కుక్కరే ఎక్కువ పడుతుందండీ అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే అత్తగారు సరేలే అన్నారు. ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు వేశారు. నేనూ నోరెత్తకుండా తిన్నాను.

మూడో రోజు మధ్యాహ్నం నేను బట్టలు మడతపెడుతుంటే, అత్తగారు తన ఫోను తెచ్చి దుప్పటి మీద పెట్టి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

"ఒకటుంది. నవ్వకు."

నొక్కాను. గురక.

ఇక్కడ పాత కేసు ఒకటి చెప్పాలి. మావయ్యగారు గురక పెడతారని అత్తగారి వాదన. అసలు నిద్రే పోలేదు, కళ్లు మూసుకుని ఆలోచిస్తున్నానని ఆయన వాదన. ఆయన అక్కగారు, అంటే మా పెద్దత్తగారు, తమ్ముడి తరఫు వకీలు. తమ వంశంలోనే గురక లేదని తేల్చేసేవారు. విసిగిపోయిన అత్తగారు ఒక మధ్యాహ్నం పడక్కుర్చీ వెనక నక్కి సాక్ష్యం రికార్డు చేశారు. పెద్దత్తగారు వచ్చినప్పుడు అందరి ముందూ వినిపించాలని పథకం. ఆవిడ వచ్చే లోపే ముద్దాయి వెళ్లిపోయారు.

ఈసారి దుకాణానికి ఇద్దరం వెళ్లాం. చెక్కే అతను చెవుల్లో పెట్టుకుని విని, మర్యాద గల మనిషి కాబట్టి ముఖం కదపకుండా, తెర మీద గీతలు చూపించాడు. ఎడమవైపు ఒక కొండ, కుడివైపు ఒక కొండ, మధ్యలో నాలుగు సెకన్లు చదునుగా గీత. ఆ మధ్యలో శబ్దమేమీ లేదు కాబట్టి అది కత్తిరించి, కొండలు రెండూ దగ్గరికి జరిపితే డిజైను నిండుగా ఉంటుందన్నాడు.

"అది తీయకు నాయనా," అన్నారు అత్తగారు. "అక్కడే నేను చేస్తున్న పని ఆపి చూసేదాన్ని. ఆయన మళ్లీ మొదలెడితే గానీ నాకు చెయ్యి ఆడేది కాదు."

అతను మౌసు మీంచి చెయ్యి తీసేశాడు. నేను గోడ మీది క్యాలెండరులో ఆ నెల తేదీలన్నీ శ్రద్ధగా చదివాను.

బిళ్ల బాగా వచ్చింది. చూసినవాళ్లు సముద్రమా, కొండలా అని అడిగారు. పక్కింటావిడ అచ్చం అలాంటిదే తనకూ కావాలంది. ఎక్కడ చేయించామో చెప్పాను, ఏం తీసుకెళ్లాలో చెప్పలేదు. మా రెండిళ్లకూ గోడ ఒకటే. ఆవిడ ఇంట్లో ముడిసరుక్కి కొదవ లేదని నాకు తెలుసు.

తర్వాతి నెలలో పెద్దత్తగారు వచ్చారు. చెప్పులు విప్పుతూనే ఆవిడ చూపు అత్తగారి మెడ మీద పడింది. తమ్ముడి గొంతు చెక్కించామని చెప్పగానే దగ్గరికొచ్చి, బిళ్లను అరచేతిలోకి తీసుకుని, కళ్లజోడు పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూశారు. ఆవిడ ముక్కు ఎర్రబడింది.

"ఏమంటున్నాడే మా తమ్ముడు ఇందులో?"

నేను మంచినీళ్ల గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయాను. నలభై రెండేళ్ల కేసు. సాక్ష్యం బంగారం మీదకెక్కి, అవతలి వకీలు అరచేతిలోనే ఉంది. ఇంతకు మించిన అదను మళ్లీ రాదు. అత్తగారు ఒక్కసారి నా వైపు చూశారు. తర్వాత బిళ్లను ఆవిడ చేతిలోంచి మెల్లగా తప్పించి, మెళ్లో సర్దుకున్నారు.

"ఏమీ అనడం లేదు వదినా," అన్నారు. "కళ్లు మూసుకుని ఆలోచిస్తున్నారు."