షష్టిపూర్తి మచ్చ

నాచారంలో కెమెరా పని నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లో నేను పదకొండేళ్లు టెక్నీషియన్‌ని. 2003లో ప్రిన్సిపాల్ లక్ష్మీకాంత్ నన్ను వెళ్లగొట్టాడు. పాత కెమెరాను ఎండకు ఎదురుగా పెట్టి లోపలి ట్యూబ్ కాల్చానట. ఏదీ, చూపించమంటే చూపించలేదు. కెమెరాను స్టోర్‌లో పడేసి తాళం వేశాడు. ఆ తర్వాత ఏ స్టూడియో గేటు దగ్గరకు వెళ్లినా "ట్యూబ్ కాల్చిన నరేందర్‌వు నువ్వే గదా" అనేవాళ్లే. ఉప్పల్‌లో టీవీలు బాగుచేసుకుంటూ బతికాను. నిజం నిలకడ మీద తెలుస్తుందని మా ఆవిడ అనేది. నిలకడంటే ఎన్నేళ్లో చెప్పమని ఆమె మీదే అరిచేవాణ్ణి.

తొమ్మిదేళ్లకు కొత్త ప్రిన్సిపాల్ హరిత కబురు పంపింది. వార్షికోత్సవంలో విద్యార్థులకు ఆ పాత కెమెరా నడిపి చూపాలి, అది తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరట. ముఖ్య అతిథి ఎవరని అడిగాను. లక్ష్మీకాంత్ గారంది. వెంటనే ఒప్పుకున్నాను.

స్టోర్‌లో దుమ్ము దులిపి, తెల్లగోడకు గురిపెట్టి ఆన్ చేశాను. మానిటర్‌లో గోడ మీద లేని నల్లటి అక్షరాలు కనిపించాయి: 'షష్టిపూర్తి - లక్ష్మీకాంత్'. ఆయన అరవయ్యో పుట్టినరోజుకు వేదిక మీద పెట్టించుకున్న బల్బుల బోర్డు! ఆ రోజు నేను జనగామలో మా మామ దినానికి వెళ్లాను. సెలవు చీటీ మీద సంతకం ఆయనదే. ఒళ్లు మండిపోయింది. ఎవరికీ చెప్పకుండా లెన్స్‌కు మూత పెట్టి వచ్చేశాను.

వార్షికోత్సవం రోజు ఆయన ముందు వరుసలో శాలువా కప్పుకుని కూర్చున్నాడు. నేను మైకు తీసుకున్నాను.

"ఈ ట్యూబ్ ముందట పల్చటి పొర ఉంటది. వెలుగు పడ్డకాడ దాని మీది కరెంటు జారిపోతది. ఎనకనుంచి ఎలక్ట్రాన్లు గీత గీతగ ఊడ్సుకుంట పోయి, యాడ ఎంత జారిందో చెప్తయి. గదే బొమ్మ. మూత పెట్టకుంట బల్బులకెదురుగ గంటలకొద్దీ ఇడిసిపెడితే పొర కాలిపోతది, మచ్చ ఇగ పోదు. గట్ల కాల్చినాయన పేరు సూడున్రి."

కెమెరాను తెల్లతెర వైపు తిప్పాను. హాలంతా మానిటర్‌లో ఆ అక్షరాలు చదివింది.

"గా దినం నరేందర్ సెలవుల ఉండె గదా సార్, చీటీ నేనే రాసిన" అన్నాడు పాత గుమాస్తా సాంబయ్య, అందరికీ వినబడేలా.

లక్ష్మీకాంత్ లేచి వచ్చాడు. "మూత పెట్టవయ్యా! ముందు మూత పెట్టు!"

నాకెంత హాయిగా ఉందో దాచుకోను. మూత ఆయన చేతిలోనే పెట్టాను.

"అప్పుడు మర్చిపోయిన్రు సార్. ఇప్పుడన్న మీరే పెట్టున్రి."

మూతను రెండుసార్లు జారవిడిచాడు. వంగి తీసి ఇవ్వడానికి ఎవరూ లేవలేదు.