వీపున సంచి

నేను ఒక నల్ల గౌనును. పెళ్ళికీ పేరంటానికీ పనికిరాను. ఎండాకాలంలో నన్ను తొడుక్కున్న లాయర్లు తిట్టుకుంటారు. నేను లేకుండా జడ్జి ముందు నిలబడాల్సి వస్తే మాత్రం చెమటలు కక్కుతూ నాకోసం వెతుక్కుంటారు. మనుషుల ప్రేమ అంతే, నాకేం బాధ లేదు.

నేను పుట్టింది బందరులో, కోర్టు ఎదుటి సందులో, మస్తాన్ గారి కుట్టు మిషను మీద. కుట్టించుకున్నది ఎస్తేరు రాణి, అప్పుడే లాయరుగా పేరు నమోదు చేయించుకున్న పిల్ల. మా జాతి గౌన్లకు వీపు మీద చిన్న గుడ్డ ముక్క వేలాడుతుంది. పూర్వం అది సంచి అనీ, ఫీజు నోటితో అడగడం లాయరుకు నామోషీ కాబట్టి కక్షిదారే వెనకనుంచి వచ్చి అందులో డబ్బు వేసేవాడనీ లాయర్లు చెప్పుకుంటారు. ఎంత నిజమో నాకు తెలియదు. ఇప్పుడది ఉత్త అలంకారం. రాణి ఈ సంగతి చెప్పగానే మస్తాన్ గారు కత్తెర పక్కన పెట్టారు.

"సంచన్నాక నోరుండాలి కదమ్మా. నోరు లేని సంచి కుట్టటం నావల్ల కాదు," అని నిజం సంచే కుట్టేశారు.

అందులో ఎవరూ ఏమీ వెయ్యలేదు. రాణి కక్షిదారులు ముందునుంచే సరిగా ఇచ్చేవారు కాదు, వెనకనుంచి ఏమిస్తారు? అయినా ఆమెకు పేరొచ్చింది. ఆ కోర్టులో ఒక మర్యాద ఉండేది. ఎదుటి లాయరు ఇంకో హాల్లో ఇరుక్కుపోయి సమయానికి రాలేకపోతే, ఇవతలి లాయరే లేచి, వస్తున్నారు, కాసేపు ఆగండి అని జడ్జిగారిని అడగాలి. రేపు తనకూ ఆ అవసరం పడుతుంది కదా. రాణికి ఆ మర్యాద బాగా ఒంటబట్టింది.

తర్వాత ఆమె భర్త ప్రభుదాసుకు కెనడాలో వెల్డింగు పని దొరికింది. నేను ప్రెషర్ కుక్కరు సొట్టపోకుండా దాని చుట్టూ చుట్టుకుని విమానమెక్కాను.

ఎడ్మంటన్‌లో దిగాక తెలిసింది, బందరు లాయరు అక్కడ లాయరు కాదని. కావచ్చు, కానీ ఊరికే కాదు. పాత చదువు చదువేనా అని చూడటానికి ఒక ఫీజు. చదువే గానీ చాలదని తేల్చాక, పరీక్ష పరీక్షకూ ఒక ఫీజు. మార్కుల కాగితాలు సీలుతో తెప్పించడానికి ఫీజు, అవి దారిలో తప్పిపోతే మళ్ళీ ఫీజు. రాణి గాజులు పోయాయి, ఆ వెనకే గొలుసు పోయింది. పగలంతా బేకరీలో పిండి పిసికి, ఆ చేతులతోనే ఆ దేశపు రాజ్యాంగం తిరగేసేది. నా మీద కూడా ఒకసారి పిండి పడింది. ఓర్చుకున్నాను.

ఎలాగో ఆఖరి మెట్టు దాకా వచ్చింది. శిక్షణ చివర ఉత్తుత్తి కోర్టులో వాదించి చూపాలి. దానికీ ఫీజే. ప్రభుదాసు మెత్తగానే చెప్పాడు. "ఇదొక్కటీ కట్టేద్దాం రాణీ. ఇక మన దగ్గర లేదు. పోతే పోయిందిలే అనుకుని బేకరీలోనే ఉండిపో. నేనేం అనుకోను." కసిరినా బాగుండేది.

ఆ రోజు గౌను అక్కర్లేకపోయినా ధైర్యానికి నన్ను చేతిసంచిలో పెట్టుకుని వెళ్ళింది. ఎదుటి పక్షం అడాయెజె అనే నైజీరియా లాయరు. ఆమెదీ ఇదే గోస, ఇదే ఫీజుల దండకం. ఆమె ఎక్కిన బస్సు మంచులో ఆగిపోయిందట, రాలేదు. జడ్జి కుర్చీలో కూర్చున్న పరీక్షకుడు ఏం చేద్దామంటారని రాణిని అడిగాడు. ఎదుటివారు రాలేదు కాబట్టి నా కక్షిదారుకే తీర్పివ్వండి అంటే పనైపోయేది. మా రాణి లేచి, చేతులు కట్టుకుని, "అయ్యా, ఆమె దారిలో ఉన్నారు, కాసేపు ఆగవలసిందిగా కోరుతున్నాను," అంది. బందరు కోర్టు అనుకుంది!

ఆగారు. అడాయెజె తలనిండా మంచుతో పరిగెత్తుకొచ్చి, బ్రహ్మాండంగా వాదించి, నెగ్గింది. రాణి పరీక్ష తప్పింది. సొంత కక్షిదారును వదిలేసి ఎదుటివారి తరఫున అడిగారని కారణం చెప్పారు. మళ్ళీ రావచ్చు, ఫీజు కట్టి. నాకు ఒళ్ళు మండిపోయింది. రాణి ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా ఏడ్చింది. ప్రభుదాసు అన్నం వండాడు.

కొన్నాళ్ళకు అడాయెజెను లాయరుగా చేర్చుకునే సభ. గౌను లేనిదే వేదిక ఎక్కకూడదు, ఆమె తన గౌను లాగోస్‌లో చెల్లెలికి ఇచ్చి వచ్చింది. అక్కడ కొత్తది కొనడమంటే మాటలు కాదు. రాణి నన్ను ఇస్త్రీ చేసి తీసుకెళ్ళి స్వయంగా తొడిగింది. వీపు మీది సంచి నిజంగా తెరుచుకోవడం చూసి అడాయెజె ఆశ్చర్యపోతే, మస్తాన్ గారి కథ చెప్పి నవ్వించింది కూడా. చేతుల దగ్గర వాళ్ళ గౌన్లకూ నాకూ కాస్త తేడా ఉంది గానీ ఎవరూ పట్టించుకోలేదు. పేరు పిలిచారు. నేను వేదిక మీద, నా మనిషి వెనక వరసలో. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది తనే. నాకు తలెత్తుకోవాలనిపించలేదు.

సభ అయ్యాక రాణి నన్ను వెనక్కి తీసుకుని ఇంటికొచ్చి కొక్కేనికి తగిలిస్తుంటే నా వీపు బరువుగా తగిలింది. సంచిలో చెయ్యి పెట్టింది. డబ్బు. మళ్ళీ పరీక్షకు ఎంత కట్టాలో అంతా ఉంది. వెంటనే ఫోను చేసి, ఇదేమిటని గట్టిగానే అడిగింది.

"లాయరు ఫీజు ఎదురుగా చేతికివ్వకూడదని నువ్వే చెప్పావుగా," అంది అడాయెజె. "ఆ రోజు నువ్వు వాదించింది నా కేసు. గెలిచాం."

రాణి ఆ నోట్లు మళ్ళీ లెక్కపెట్టింది. చివరికి, "నా ఫీజు ఇంత తక్కువ కాదు," అని నవ్వబోయి ఏడ్చేసింది.

రెండోసారి ఎదుటి లాయరు సమయానికే వచ్చాడు, దేవుడి దయ. ఇప్పుడు నేను రాణి ఆఫీసు తలుపు వెనక ఉంటాను. మోచేతుల దగ్గర చిరుగు పట్టింది. ఆమె దగ్గరికి వచ్చేది అద్దె ఇళ్ళ తగాదాల వాళ్ళు, ఫీజు విషయంలో అచ్చం బందరు వాళ్ళే. నా జన్మలో ఆ సంచిలో పడిన ఫీజు అదొక్కటే. అదీ రాణి తప్పిన పరీక్షకు.