ఎనభై రెండు కిలోల మా ఆయన

మా ఆయన బరువు ఎనభై రెండు కిలోలని రెండు నెలలు నమ్మాను. నేను పళ్ల డాక్టర్ని. మనిషి నోరు తెరిస్తే ఏం దాస్తున్నాడో చెప్పేస్తానని నాకో పొగరు. అది ఇంట్లో మనిషి దగ్గర పనిచేయలేదు.

పైలట్ లైసెన్సు చేతికొచ్చాక రెండు సీట్ల చిన్న విమానం కొనుక్కోవాలనుకున్నాను. ఎర్రదాన్ని చూడగానే మనసు పారేసుకున్నాను. పైన గాజు కప్పు, నాజూకు రెక్కలు, మంచి వేగం. చిక్కల్లా ఒకటే. ఇలాంటి తేలిక విమానాలు ఇంత బరువే మొయ్యాలని లెక్క ఉంటుంది. ట్యాంకు నింపి, నేనూ నా బ్యాగూ ఎక్కితే పక్క సీటుకు మిగిలేది ఎనభై మూడు కిలోలు.

ఈ లెక్కంతా వంటింట్లో పైకే చదివి, "ఇంతకీ మీ బరువెంత?" అని అడిగాను. జవాబు ముందు చెప్పేసి ప్రశ్న తర్వాత అడిగే తెలివి నాకే చెల్లింది.

"ఎనభై రెండు," అన్నారాయన వెనక్కి తిరక్కుండానే.

నేను ఎగరడం నేర్చుకున్న రెండేళ్లూ ఆయన విమానాల మైదానం కంచె అవతల ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డారు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఎగరాలన్నదే నా కోరిక. అది తీరకపోతే నాకు ఏ విమానమూ అక్కర్లేదు.

నిన్న ఇద్దరం విమానాలు అమ్మే షెడ్డుకు కొనడానికి వెళ్లాం. అక్కడి పెద్ద మెకానిక్కుకు ఒక పద్ధతి ఉంది. కాగితం మీద రాసిన బరువులు చూడడు. కొనేవాళ్లు బూట్లతో సహా కాటా ఎక్కాల్సిందే.

"బరువు దగ్గర నిజం చెప్పినవాణ్ణి ముప్పై ఏళ్లలో ఒక్కణ్ణీ చూళ్లేదు డాక్టరమ్మా. ఎక్కండి సార్," అన్నాడు.

"బూట్లు కాస్త బరువు..." మా ఆయన నీళ్లు నమిలారు.

"అవి ఇక్కడ విప్పేసి పైకెళ్తారా?"

ముల్లు తొంభై ఆరు దగ్గర ఆగింది. మా ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డారు.

"పెట్రోలు పద్దెనిమిది లీటర్లు తగ్గించుకుంటే సరిపోతుంది. కాకపోతే గంట ప్రయాణం తగ్గుతుంది," అన్నాడు మెకానిక్కు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "పద్నాలుగు కిలోల అబద్ధమా! మీ మాట నమ్మి ట్యాంకు నింపి లేపితే ఇద్దరం చెట్ల మీద ఉండేవాళ్లం!"

"అయిదు తగ్గాను కూడా," అన్నారు మెల్లగా.

అప్పుడు వెలిగింది నాకు. బేకరీ నడిపే మనిషి, కడుపులో బాగాలేదంటూ రెండు నెలలుగా తను కాల్చిన రొట్టె తనే ముట్టలేదు. ఉడికించిన కూరముక్కలతో సరిపెట్టుకుంటున్నారు.

"ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే ఎర్రది వద్దంటావు. దానిమీద నీకెంత ఇష్టమో చూశాగా. పోనీ, నువ్వొక్కదానివే తిరుగు. నేను కింద నుంచి చూస్తాను. అలవాటేగా."

ఆ మాటకు నా మనసు కలుక్కుమంది. పక్కనే పసుపు రంగు పాత విమానం ఉంది. ఎర్రదాని ముందు దీనిది నత్తనడకే. కానీ నిండు ట్యాంకుతో మా ఇద్దర్నీ మోసి, ఇంకా ఇరవై కిలోలకు చోటిస్తుంది. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషిని నేను, ఎర్రదాన్ని అక్కడికక్కడే వదిలేశాను.

"దీన్ని బయటికి తీయండి. ఒక చుట్టు తిరిగొస్తాం," అన్నాను.

చక్రాలు నేల వదలగానే మా ఆయన రెండు మోకాళ్లూ గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నారు. వేళ్లు తెల్లబడ్డాయి.

"ఏమండీ, భయమా?"

"చిన్నప్పట్నుంచీ. నిచ్చెనెక్కినా కాళ్లు వణుకుతాయి."

పాతికేళ్లుగా మా ఇంట్లో బల్బులు మార్చేది నేనే. బద్ధకమనుకున్నాను.

"మరి బరువెక్కువని చెప్పి తప్పించుకోవాల్సింది! అంత మంచి సాకు ఎవరికి దొరుకుతుంది?"

కళ్లు తెరవలేదు, మోకాళ్లు వదల్లేదు. "తప్పించుకుంటే నీ పక్కన ఎవరు కూర్చుంటారు?" అన్నారు.

ఎగరడం మొదలుపెట్టాక ఇంత సంతోషం ఎన్నడూ ఎరగను. ఆయనకు తెలియనంత మెల్లగా విమానాన్ని మలుపు తిప్పాను.